పేచ్‌కస్ పిడి మీద పళ్ళ గాట్లు

మా చాల్‌ను, అంటే వరస గదుల పాత మేడను, కూల్చి పెద్ద బిల్డింగు కడతారట. ఏళ్ళ తరబడి ఈ 'కడతారట' వింటూనే ఉన్నాం కనుక ఎవరం నమ్మలేదు. తీరా ఖాళీ చెయ్యమని గోడకు కాగితం అంటించాక, మిగిలిన సామాను తెచ్చుకోవడానికి నేను కళ్యాణ్‌లో రైలెక్కి గ్రాంట్ రోడ్ వైపు వెళ్ళాను. అమ్మా నాయనా పోయాక ఆ ఒంటిగది ఖోలీకి తాళమే కాపురం. లోపల ఏముంటుంది? రెండు ఇత్తడి బిందెలు, ఒక ఇనప మంచం, నెత్తికి తగిలేంత ఎత్తులో వేసిన చెక్క అటక మీద కొన్ని పాత సంచులు. ఒక సంచి అడుగున, నూనె పీల్చి నల్లబడిన లుంగీ గుడ్డలో చుట్టిన పేచ్‌కస్, అంటే స్క్రూడ్రైవర్, ఒకటి దొరికింది. మూరెడు పొడుగుంటుంది. దాని చెక్క పిడి చుట్టూ గాట్లు. సామాను దించడానికి వచ్చిన హమాలీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చూహా కాటా హై" అన్నాడు. అవి ఎలుక పళ్ళు కావు, మా నాయన పళ్ళు.

నాయన పేరు ఆశన్న. పాలమూరు జిల్లా నుంచి తట్టా పారా పట్టుకుని వచ్చి బొంబాయి రోడ్లు తవ్విన మనిషికి కొడుకు. తండ్రి రోడ్లు తవ్వితే కొడుకు చెట్లు కోశాడు. గాలివానకు రోడ్డు మీద పడ్డవి, గోడల మీదికి ఒరిగినవి, ఎండిపోయి ఎవరి నెత్తిన పడతాయో అన్నట్టు ఉన్నవి. మొదట్లో గొడ్డలి, ఇద్దరు లాగే రంపం. తరవాత దారుఖానాలో, అంటే పాత ఓడల్ని విరగ్గొట్టి అమ్మే చోట, ఒక ఓడ కడుపులోంచి తీసిన చెయిన్ రంపం ఆయన కంట పడింది. పెట్రోలుతో నడిచేది. ఏ దేశానిదో తెలియదు, పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. ఇప్పుడు కనిపించే తేలిక రంపాల్ని చూసి దాన్ని ఊహించుకోకూడదు. అది ఇద్దరు మోయవలసిన బరువు, ఒక్కరే పట్టుకోవలసిన పని. తాడు లాగి స్టార్టు చేస్తుంటే తిరిగి మనల్నే గుంజేది. మా అమ్మ తమ్ముడు మాసన్న మామ మొదటిసారి లాగినప్పుడు బొటనవేలు గుమ్మడికాయలా వాచి, చాలా రోజులు ఎడమ చేత్తో అన్నం తిన్నాడు. అమ్మ దానికి దున్నపోతు అని పేరు పెట్టింది.

ఆ దున్నపోతు మా ఖోలీలోనే పడుకునేది. మంచం మీద నాయన, మంచం కింద అది, మిగిలిన నేల మీద అమ్మా నేనూ. పెట్రోలు భయానికి అమ్మ స్టవ్వును బయట గ్యాలరీలోకి మార్చింది కానీ వాసనను మార్చలేకపోయింది. మా బియ్యానికి పెట్రోలు వాసన, దుప్పట్లకు కాలిన నూనె వాసన, నా జడకు రెండూ. వంటింటి గూట్లో చింతపండు నానే గిన్నె పక్కనే ఇంకో గిన్నెలో రంపం చెయిన్ నూనెలో నానుతుండేది. ఒకసారి మా ఇంటికి వచ్చిన చుట్టం ఆ గిన్నెలో వేలు పెట్టి చప్పరించి, ఇదేం పులుసని అడిగింది. నాకప్పుడు సంబంధాలు చూస్తున్నారు. వచ్చిన వాళ్ళకు చెడ్డపేరున్న కామాటిపురా అని చెప్పకుండా గ్రాంట్ రోడ్ అని చెప్పడం మా గల్లీలో అందరికీ అలవాటే. ఆ వాసన గురించి మాత్రం ఏం చెప్పాలో ఎవరికీ తోచేది కాదు.

అమ్మది టాకీ పని. మసాలా నూరే బండలు నున్నబడితే ఉలితో సన్నటి గాట్లు కొట్టి పదును పెట్టడం. ఊళ్ళో దాన్ని కక్కు కొట్టడం అంటారు. 'టాకీయే' అని కేక వేసుకుంటూ గిర్గావ్ గల్లీలన్నీ తిరిగేది. ఇళ్ళల్లోకి మిక్సీలు వచ్చి ఆ కేక వినేవాళ్ళు తగ్గిపోయాక, అమ్మ ఉలి పక్కన పెట్టి గుండ్రటి ఆకురాయి పట్టుకుని రంపం చెయిన్ ముందు కూర్చుంది. చెయిన్‌కు కుడివైపు పళ్ళు, ఎడమవైపు పళ్ళు ఉంటాయి. రెండు వైపులా సమానంగా అరగకపోతే రంపం చెట్టులో వంకరగా పోతుంది. అమ్మ ముందు కుడివన్నీ, తరవాత ఎడమవన్నీ రుద్దేది. రుద్దుతున్నంత సేపూ నాయనను తిట్టేది. తిట్టు తిట్టుకూ ఆకురాయి ఒక్కటే ఒత్తిడితో పోయేది.

తిట్టడానికి కారణం ఉంది. మా నాయనకు నోరు కుదురుగా ఉండేది కాదు. కోపిష్ఠి అనలేను, చెయ్యెత్తిన మనిషి కాదు. ఆయనకు పంచాయితీ అంటే ఇష్టం, కొందరికి పేకాట ఇష్టమైనట్టు. పొద్దున నల్లా దగ్గర వరసలో బిందె ఎవరిది ముందు అన్న దగ్గర మొదలయ్యేది. పాలవాడితో, బస్సు కండక్టర్‌తో, చివరికి రేడియోలో వార్తలు చదివేవాడితో. "గట్లెట్ల అంటవ్? నువ్వు జూసినవా?" అని రేడియోను నిలదీసేవాడు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. మా గల్లీ పోచమ్మ గుడి ముందు నుంచి పోతూ ఒకరోజు నా ముందే మొక్కుకుంది.

"తల్లీ, ఈ మనిషి నోరు జర మూతబడేటట్టు జెయ్యి. బోనమెత్తుత, కోడిని గోస్త."

ఆ మొక్కు సంగతి అలా ఉంచి, మిషన్‌ను నాయన ఎలా సరిచేసేవాడో చెప్పాలి. కార్బురేటర్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. వదులు చేస్తే ఇంజనుకు పెట్రోలు ఎక్కువ పోతుంది, బిగిస్తే తక్కువ. తక్కువైతే మిషన్ సన్నగా, చురుగ్గా కూస్తుంది, పని జోరుగా సాగుతున్నట్టే ఉంటుంది. కానీ ఆ ఇంజనుకు నూనె కూడా పెట్రోల్లో కలిసే పోవాలి. పెట్రోలు తగ్గితే నూనె తగ్గుతుంది, లోపల ఎండి, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. కొలవడానికి ఏ సాధనమూ లేదు, చెవి ఒక్కటే.

"గాలిల తిరుగుతున్నప్పుడు గొంతుల గల్ల అడ్డం పడ్డట్టు ఉండాలె బిడ్డా," అనేవాడు. గల్ల అంటే కఫం. "గరగర అనాలె. కట్టెల దిగంగనే గల్ల వోయి గొంతు సాఫ్ గావాలె. ముందే సాఫ్ ఉన్నదనుకో, ఇగ అది సచ్చినట్టే."

నేను ఆ గరగర వింటూ పెరిగాను. అన్నం ఉడికిందో లేదో మూత తీయకుండా చెప్పినట్టే, ఖోలీలో కూర్చుని, కింద పెరట్లో నాయన స్క్రూ ఎటు తిప్పుతున్నాడో చెప్పగలిగేదాన్ని. చెప్పమని అడిగినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

అమ్మ మొక్కుకున్న కొన్నాళ్ళకు నాయన మెత్తబడ్డాడు. ఒక్కరోజులో జరిగింది కాదు కనుక ముందు మేం గమనించలేదు. నల్లా దగ్గర ఎవరో ఆయన బిందెను పక్కకు నెట్టి ఏదో అన్నారు. నాయన తలూపి "అవు, బరాబర్" అన్నాడు. పాలవాడు ఏదో అంటే "అవు, బరాబర్." అమ్మ కూరలో ఉప్పు ఎక్కువైందా అని అడిగితే కూడా "అవు, బరాబర్" అన్నాడు, అమ్మ మొహం మాడిపోయింది కానీ గొడవ కాలేదు. రేడియోతో తగాదా మానేశాడు. మా గ్యాలరీలో అందరూ అరుచుకునే మాట్లాడతారు, కింద ఫోరస్ రోడ్ హారన్లు, తోపుడు బండ్ల కేకలు. అంత గోలలో ఒక మనిషి తగ్గితే, మంచివాడయ్యాడనే అనుకుంటారు.

ఆ ఆషాఢంలో అమ్మ బోనమెత్తింది. పసుపు పూసిన కుండ, చుట్టూ వేపమండలు, పైన దీపం. గల్లీ అంతా డప్పులు. నాయన కోడిని చంకలో పెట్టుకుని తల దించుకుని వెనకే నడిచాడు. ఆ రోజు మా ఇంటి తరఫున గొడవ చేసింది కోడి ఒక్కటే. చాల్ ఆడవాళ్ళు అమ్మ చుట్టూ చేరి, ఏం మొక్కితే ఇలా జరిగిందో తమకూ చెప్పమని అడిగారు. అమ్మ గర్వంగా చెప్పింది. ఇంకో ఇద్దరు ముగ్గురు మొగుళ్ళ పేరు మీద మొక్కులు పడ్డాయి.

ఇంట్లో అంతా బాగుంటే మిషన్‌కు జబ్బు చేసింది. వేడెక్కేది, మధ్యలో ఆగిపోయేది. నాయన విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువు గీతలు. పెట్రోల్లో ఎవడో కిరసనాయిలు కలుపుతున్నాడని మాసన్న మామ అన్నాడు. వేరే చోట పెట్రోలు తెచ్చారు. చోర్ బజార్ అంతా తిరిగి రింగులు వెతికి తెచ్చారు. నాకు మాత్రం వేరేగా వినిపించేది. నాయన స్క్రూను ఇదివరకటికన్నా బిగిస్తున్నాడు. గరగర పోయి మిషన్ సన్నగా కూస్తోంది. ఒకరోజు ఉండబట్టలేక చెప్పాను, "నాయినా, గల్ల లేదు, సాఫ్ కూస్తున్నది" అని. ఆయన నా మొహం చూసి నవ్వి, "అవు, బరాబర్" అన్నాడు. స్క్రూ ముట్టుకోలేదు. నా మాట విని ఒప్పుకుని కూడా అలా ఎందుకు వదిలేశాడో అర్థం కాలేదు.

మరుసటేడు మిరుగం వానలకు, అంటే మృగశిర కార్తెలో, ఒక బంగళా ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు సగం వేళ్ళు లేచి గోడ మీదికి ఒరిగింది. నాయన, మాసన్న మామ పనికి వెళ్ళారు. సద్ది తీసుకుని అమ్మా నేనూ వెళ్ళాం, ఎలాగూ చిన్న కొమ్మలు మోపు కట్టి తెచ్చుకుంటే నీళ్ళ పొయ్యికి పనికొస్తాయి. నాయన మాకు వీపు పెట్టి మాను మీద నిలబడి ఒక లావు కొమ్మను కోస్తున్నాడు. ఆ కొమ్మకు కట్టిన తాడు కొస మాసన్న మామ చేతిలో ఉంది. బురదలో మామ జారి పడ్డాడు. లేవబోతే తాడు మెలిక కాలికి బిగిసింది. కొమ్మ తెగి పడిందంటే తాడుతో పాటు కాలు కూడా పోతుంది, తరవాత మనిషి.

"బావా! బంద్ జెయ్! బంద్ జెయ్!" అని మామ అరిచాడు. అమ్మ అరిచింది, నేనూ అరిచాను. బంగళా మనుషులు కిటికీల్లోంచి అరిచారు. మిషన్ మోత ఉన్నా, నాయన అంతకుముందు ఎప్పుడూ మామ కేకకు ఆగకుండా లేడు. ఈసారి వెనక్కి తిరగలేదు. రంపం కొమ్మలో సగానికి పైగా దిగింది. అప్పుడు మిషన్ కూత ఇంకా సన్నబడింది, ఒక్కసారి కీచుమంది, ఆగిపోయింది. పిస్టన్ పట్టేసింది. కొమ్మ కిర్రుమని ఊగి, మిగిలిన నార మీద నిలబడింది.

నాయన ముందు మిషన్‌నే చూశాడు. తాడు లాగాడు, రాలేదు. ఏదో తిట్టి, అప్పుడు వెనక్కి తిరిగాడు. మేమంతా ఇంకా నోళ్ళు తెరిచే ఉన్నాం. ఆయన మొహంలోకి వచ్చిన భయం నాకిప్పటికీ కళ్ళ ముందుంది. నేను పరిగెత్తి మామ కాలి మెలిక తీశాను. అమ్మ మాను దగ్గరికి వెళ్ళి నిలబడి, అరవకుండా మామూలు గొంతుతో అడిగింది.

"నీకు చెవులు వినొస్తలేవా?"

నాయన ఆమె పెదాల వైపు కాసేపు చూశాడు. తలూపాడు.

"అవు, బరాబర్," అన్నాడు.

అది ఒప్పుకోలు కాదు. ఆమె ఏమడిగిందో ఆయనకు తెలియనే తెలియదు. మాసన్న మామ బురదలో కూర్చుని కాలు రుద్దుకుంటూ, "అక్కా, నువ్వు నోరు మూయమని మొక్కితె తల్లి చెవులు మూసింది" అన్నాడు. వేరే రోజైతే అందరం నవ్వేవాళ్ళం.

తరవాత నాయన పనికి పోలేదు. ఆయన మంచం మీద, పట్టేసిన మిషన్ మంచం కింద. దాన్ని పాత ఇనుము కింద అమ్మేద్దామన్నాడు మామ. ఆయన మాటలో తప్పు లేదు, కాలు ఆయనది. కానీ మిషన్ పోతే నాయనకు మిగిలేది తన తండ్రి తట్ట. ఆ వయసులో తట్ట మోయడం ఒక ఎత్తు, మోయించేవాడు ఏమంటున్నాడో వినపడకుండా మోయడం ఇంకో ఎత్తు. నేను ఆయన చెవిలో అరిచి అడిగాను, ఎప్పటి నుంచి ఇలా అని.

"ముందుగాల పిచ్చుకలు బంద్ అయినయి," అన్నాడు. "బొంబైల పిచ్చుకలు కమ్ అయినయి అనుకున్న బిడ్డా. అవి ఉన్నయని నాకేం తెలుసు."

గ్యాలరీ దూలం మీద పిచ్చుకలు అప్పుడు కూడా గోల చేస్తున్నాయి. సన్నటి చప్పుళ్ళు ముందు పోయాయి కనుకే, మిషన్‌లో పాత చురుకు వినపడక దానికోసం స్క్రూ బిగించుకుంటూ పోయాడని నాకు అప్పుడు తెలిసింది. ఆ గ్యాలరీలో కూర్చుని నేను ఏడ్చాను. ఆయనకు వినపడదు కనుక దాచుకోవలసిన పని కూడా లేకపోయింది.

అయితే చేతులు ఊరుకోవు కదా. కొన్నాళ్ళకు నాయన మిషన్‌ను బయటికి లాగి విప్పాడు. పిస్టన్ కరిగి సిలిండర్ గోడలకు అంటుకుని ఉంది. బాత్‌రూములు కడిగే యాసిడ్‌ను పుల్లకు చుట్టిన గుడ్డతో అద్ది ఆ మరకలన్నీ తీశాడు. చోర్ బజార్‌లో దొరికిన వేరే బండి పిస్టన్‌ను ఫోరస్ రోడ్ మీద లేత్ షాపులో అరగదీయించి సరిపెట్టాడు. స్టార్టు అయింది. ఇక స్క్రూ మిగిలింది. పేచ్‌కస్ మొన ఇంజనుకు ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు, మెకానిక్కులు పెట్టుకున్నట్టే. ఏమీ లేదు. చెవి వెనక ఎముకకు పెట్టుకున్నాడు. తరవాత పిడిని పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ గరగర ఆయన పళ్ళలోకి వచ్చింది. కళ్ళు తెరిచి, ఇంకో చిన్న పేచ్‌కస్ నా చేతికిచ్చి స్క్రూ చూపించాడు.

ఆయన పళ్ళతో, నేను చెవులతో. పెరట్లో ఒక పాత దుంగ పెట్టుకుని చేశాం. ఆయన బిగించమని వేలు తిప్పాడు. నేను వద్దని తల ఊపాను, బిగిస్తే మళ్ళీ పట్టేస్తుంది. ఆయన మళ్ళీ తిప్పాడు. నేను మళ్ళీ వద్దన్నాను. నాయన పిడి నోట్లోంచి ఊసి, మిషన్ బంద్ చేశాడు.

"నీ చెవులల్ల దూది పెట్టుకున్నవా? జర కసు అంటున్న గదా!"

"కసితె మల్ల సస్తది! నీ పండ్లకేం తెలుసు?"

"నా పండ్లకు తెల్వదా? నువ్వు పుట్టకముందు సంది కోస్తున్న నేను!"

గ్యాలరీల నిండా జనం. పైనుంచి ఎవరో ఊరుకోమన్నారు. అది ఆయనకు వినపడకపోయినా చెయ్యి ఊపడం కనపడింది, "నువ్వెవడివి నడుమల?" అని వాడితో కూడా పెట్టుకున్నాడు. నల్లా దగ్గర బిందె పెట్టిన అమ్మ నీళ్ళు పొంగిపోతున్నా కదలకుండా నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. చివరికి దుంగలో దింపి చూశాం, గల్ల పోయి గొంతు సాఫ్ అయింది, ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఎవరి మాట నెగ్గిందో నాకిప్పుడు గుర్తు లేదు. ఆయనుంటే తనదే అనేవాడు.

తరవాత ఆయన మాను ఎక్కలేదు, కింద పడ్డ దుంగలే కోశాడు. నడుముకు ఒక తాడు, దాని కొస మామ చేతిలో. ఒకసారి గుంజితే ఆగాలి. మామ ముందు వంకలు పెట్టినా ఒప్పుకున్నాడు. స్క్రూ పని నా పెళ్ళిదాకా నాదే.

ఆ రోజులు మంచివని నేను అనను. ఒక పాత గుడ్డ చెవులకు చుట్టుకోమని చెప్పేవాడు లేక ఒక మనిషి చెవులు పోయాయి. మొన్న కళ్యాణ్‌లో మా బిల్డింగు ముందు చెట్టు కోస్తుంటే చూశాను, కోసేవాడి చెవుల మీద డొప్పలు, చేతిలో తేలిక రంపం, చేతి సైగలతో పని. అలాగే ఉండాలి. మా ఇల్లు కూడా ఇప్పుడు నిశ్శబ్దంగానే ఉంటుంది. కొడుకూ కోడలూ మరాఠీలో మెల్లగా మాట్లాడుకుంటారు, చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోన్లు చూసుకుంటారు. నేనేదైనా అంటే తలెత్తకుండా "హో, బరోబర్" అంటారు. మంచి పిల్లలు, ఎదురు చెప్పరు. ఆ మాట వింటే మాత్రం నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మిషన్ బాగైన ఆ ఏడే ఆషాఢంలో అమ్మ మళ్ళీ బోనమెత్తింది. ఈసారి నాయన కోడి పట్టుకుని డప్పు వాళ్ళతో తగాదా పడుతూ ముందు నడిచాడు, వాళ్ళు సరిగ్గా కొట్టడం లేదట. చాల్ ఆడవాళ్ళు అమ్మను పట్టుకుని అడిగారు, పోయినేడే మొక్కు తీర్చావు కదా, మళ్ళీ ఎందుకని. అమ్మ కుండ ఒలకకుండా మెడ నిటారుగా ఉంచి, వాళ్ళ వైపు చూడకుండానే చెప్పింది.

"పోయినేడు మొక్కింది వాపస్ దీస్కొమ్మని."